రంగుల పంచదార ఇంట్లో చేసుకుంటే: జెల్లా, లిక్విడా, పొడా, బీట్‌రూటా?

రాత్రి పదకొండింటికి కేకు మీద చల్లి పడుకున్న ఆకుపచ్చ పంచదార, పొద్దున ఫ్రిజ్ తలుపు తీసేసరికి ఆకుపచ్చ నీళ్లయి క్రీము మీదుగా ప్లేట్లోకి కారి ఉంది. ఆ రోజు మా అన్నయ్య కూతురి ఆరో పుట్టినరోజు. అది లేచి వచ్చి చూసి, "అత్తా, కేకు ఏడుస్తోంది" అంది. నాకూ ఏడుపొచ్చినంత పనయింది. ముందు రోజు సాయంత్రం రెండు గంటలు కూర్చుని ఆ పంచదారకి రంగు పట్టించి, ఆరబెట్టి, సీసాలో పోసి చూసుకుని మురిసిపోయాను మరి. తీరా చూస్తే పంచదారలో ఏ లోపమూ లేదు. వేయకూడని చోట, వేయకూడని టైముకి వేశాను, అంతే.

అప్పటి నుంచి బిస్కెట్ల మీదకి, క్రిస్మస్‌కి పక్కింటి వాళ్లు వండే గులాబీ పువ్వుల మీదకి, వేసవిలో షర్బత్ గ్లాసుల అంచులకి చాలాసార్లు చేశాను. ఇప్పుడు ఎవరైనా "ఏ రంగు కొనమంటావు?" అని అడిగితే ముందు నేనే రెండు ప్రశ్నలు వేస్తాను. దేని మీద చల్లుతారు? చల్లాక ఎంతసేపటికి తింటారు? ఈ రెండూ తేలకుండా రంగు సీసా కొనడం దండగ.

మాది కాకినాడ, అందుకని పంచదార అంటున్నాను. తెలంగాణ వాళ్లు చక్కెర అని చదువుకోండి. రంగు పట్టిన చక్కెర వాళ్లకీ కొత్తేం కాదు, హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు ఉండనే ఉన్నాయి. మాకు తీర్థాల్లో అమ్మే పంచదార చిలకలు ఉన్నాయి. వాటికి పాకం పట్టి అచ్చులో పోయాలి, అది చెయ్యి తిరిగిన వాళ్ల పని. మనం ఇక్కడ మాట్లాడుకునేది పాకం అక్కర్లేనిది. పలుకు పలుకుగానే ఉండాలి, పైన రంగు పట్టాలి, మెరవాలి. సంక్రాంతికి ముగ్గులో నింపడానికి ఉప్పుకి రంగు కలుపుతాం చూడండి, పని సరిగ్గా అదే. (అన్నట్టు, ముగ్గు రంగులూ తినే రంగులూ ఒకే అలమరలో పెట్టకండి. పొడి రెండూ ఒకలాగే ఉంటుంది. ఒకటి తినేది కాదని పిల్లలకేం తెలుసు?)

ముందు చోటు తేల్చుకోండి

పంచదారకి నీళ్లంటే ఎంత ఇష్టమో ఒక లెక్క చెప్తాను. మామూలు గది వేడిమిలో నీరు తన బరువుకి దాదాపు రెట్టింపు పంచదారని కరిగించుకుంటుంది. అంటే ఒక టీస్పూను నీళ్లు చాలు, రెండు రెండున్నర టీస్పూన్ల పంచదార కనబడకుండా పోవడానికి. కేకు మీద విప్డ్ క్రీములో ఉన్న తడి దానికి ఎక్కువే. పైగా ఫ్రిజ్‌లోంచి బయటికి తీసిన కేకుకి మన కోస్తా గాలిలో చెమట పడుతుంది. ఇక రంగు కారకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి తడి ఉన్న వాటి మీద, అంటే క్రీము కేకు, పుడ్డింగు, డబల్ కా మీఠా లాంటి వాటి మీద చల్లాలనుకుంటే ఏ రంగు వాడినా ఒకటే దారి: కొవ్వొత్తి వెలిగించే ముందు చల్లండి. అరగంట వరకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత మెరుపు పోతుంది, ఇంకాసేపటికి మరకలు మొదలవుతాయి. బటర్‌క్రీములో తడి తక్కువ, వెన్న ఎక్కువ. దాని మీద ఇంకొంచెం సేపు ఆగుతుంది కానీ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచే ధైర్యం నేను చేయను.

పాయసం మీద చల్లాలని అడిగిన వాళ్లున్నారు. వద్దండీ. గిన్నె టేబుల్ మీదకి చేరేలోపే మాయమవుతుంది.

పొడి వాటి మీదైతే ఈ సరుకుకి తిరుగులేదు. నాన్‌ఖటాయి, వెన్న బిస్కెట్లు, గులాబీ పువ్వులు, పాకం పట్టిన గవ్వలు ఇంకా ఆరకముందు, కొబ్బరి లౌజు పళ్లెంలో పోశాక కాస్త జిగురుగా ఉన్నప్పుడు. లౌజు మీద చల్లి అరచేత్తో మెల్లగా అదమాలి, లేకపోతే ముక్కలు కోసేటప్పుడు సగం రాలిపోతుంది. బిస్కెట్లకైతే ఓవెన్లో పెట్టేముందే, పైన పాలు రాసి చల్లితే అంటుకుని ఉంటుంది. ఇలా కాల్చే వాటికి రంగు ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

పలుకు ఎంత లావుండాలి

మన దేశంలో పంచదారని పలుకు సైజుని బట్టి ఎస్, ఎం, ఎల్ అని గ్రేడులు చేస్తారు. మూటల మీద ఎస్-30, ఎం-30 అని రాసి ఉండేది అదే. ఎస్ అంటే సన్నది, ఎం మధ్యరకం, ఎల్ లావుది. కిరాణా కొట్టువాడిని గ్రేడు అడిగితే వింతగా చూస్తాడు, "లావు పలుకుది ఇవ్వు" అంటే ఇచ్చేస్తాడు. రంగు పట్టించడానికి నాకు ఎం బాగా కుదిరింది. మెరుస్తుంది, పంటికి కరకరలాడుతుంది, అదే సమయంలో నోట్లో గులకరాయిలా ఉండదు.

డల్లాస్‌లో ఉండే మా చెల్లికి ఇదే పద్ధతి ఫోన్లో చెప్తే, దానికి రంగు వచ్చింది కానీ మెరుపు రాలేదు. అక్కడ మామూలుగా దొరికే పంచదార మన దానికంటే బాగా సన్నం. వాళ్లకి అలంకరణ కోసం లావు పలుకుది శాండింగ్ షుగర్ అని విడిగా అమ్ముతారు. ఆ పని మనకి ఇంట్లో డబ్బాలో ఉన్న పంచదారే చేసిపెడుతుంది. ఇందులో మాత్రం మనమే నయం.

ఇంకా పెద్ద మెరుపు కావాలంటే పటికబెల్లం. స్ఫటికాల్లా ఉండే రకం తీసుకుని, గుడ్డలో మూటకట్టి, రోకలితో నాలుగు దెబ్బలు వేసి, జల్లెడ పడితే మెంతిగింజంత పలుకులు మిగులుతాయి. కప్‌కేకు మీద పది పలుకులు చాలు, దీపాల వెలుగులో అద్దం ముక్కల్లా ఉంటాయి. రంగు మాత్రం లేతగానే పడుతుంది, ఎందుకంటే పలుకు పెద్దదయ్యేకొద్దీ రంగు పట్టే పైభాగం తగ్గిపోతుంది. పసిపిల్లలకీ, పళ్లు కదిలే పెద్దవాళ్లకీ ఇది పెట్టకండి.

మిక్సీలో పట్టిన పొడికి రంగు కలపొద్దు, ముద్దయిపోతుంది. బెల్లం పొడి, బ్రౌన్ షుగర్ కూడా అంతే. వాటి సొంత రంగు మీద మన రంగు పడితే నీలం వేసినా బురద రంగే వస్తుంది.

కొట్లో దొరికే మూడు రకాలు

లిక్విడ్ రంగు అన్నిచోట్లా దొరుకుతుంది, చవక. చిన్న సీసా, పైన చుక్కల మూత. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువమంది దీనితోనే మొదలుపెడతారు, ఎక్కువమంది దీనితోనే పాడుచేసుకుంటారు కూడా. ఇందులో ఉండేది చాలావరకు నీళ్లే. అరకప్పు పంచదారకి మూడు నాలుగు చుక్కలు వేస్తే లేత గులాబీ, లేత పసుపు చక్కగా వస్తాయి. ముదురు ఎరుపు కావాలని పదీ పదిహేను చుక్కలు వేశారో, చేతిలో తడి ఇసుక ముద్ద మిగులుతుంది. ఆరాక అది గట్టి బిళ్ల. లేత రంగులకి లిక్విడ్ కొనండి, ముదురుకి దీని జోలికి పోకండి.

జెల్ నా ఓటు. కేకు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, ఈ మధ్య చిన్న ఊళ్లలోనూ పెడుతున్నారు. ఇది చిక్కటి రంగు, నీళ్లు తక్కువ. లిక్విడ్ కంటే ధర ఎక్కువే కానీ ఒక సీసా నాకు రెండేళ్లు వచ్చింది. టూత్‌పిక్ కొన ముంచితే వచ్చేంత జెల్, అరకప్పు పంచదారకి సరి.

చేసే తీరు ఇలా. జిప్ కవర్లో అరకప్పు, అంటే సుమారు వంద గ్రాముల పంచదార పోయండి. టూత్‌పిక్కుకి అంటిన జెల్‌ని లోపల పంచదారలోనే గుచ్చి తుడవండి, కవర్ గోడకి తుడిస్తే అక్కడే అతుక్కుపోతుంది. కవర్లో కాస్త గాలి ఉంచి మూసి ముందు ఊపండి. ఊపితే ఏమీ కాదు. ఒకచోట చిన్న ఎర్ర ఉండ, చుట్టూ తెల్లటి పంచదార అలాగే ఉంటుంది. "ఇంత తక్కువేసి ఏం లాభం" అని చెయ్యి మళ్లీ సీసా వైపు పోతుంది. పోనివ్వకండి. ఆ ఉండని కవర్ పైనుంచే రెండు వేళ్ల మధ్య పెట్టి, తలకి నూనె రాసినట్టు నెమ్మదిగా నలపండి. ఉండ విరిగి చారలవుతుంది, చారలు పక్కనున్న పలుకులకి అంటుకుంటాయి. ఇంకో నిమిషం నలిపితే తెలుపు మెల్లగా గులాబీలోకి తిరుగుతుంది, మూడో నిమిషానికి ఏ పలుకూ ఒంటరిగా తెల్లగా ఉండదు. అప్పుడు చూసుకుని చాలకపోతే ఇంకో టూత్‌పిక్కు. ముదురు కావాలంటే ఇలా రెండు మూడు విడతల్లో పోవాలి. ఒక్కసారే ఎక్కువేస్తే వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో కప్పు పంచదార పోయాల్సి వస్తుంది. అప్పుడు మీకు సంవత్సరానికి సరిపడా రంగు పంచదార తయారు.

ఇక పొడి రంగు. మన ఇళ్లలో మిఠాయి రంగు అనేది, రవ్వ కేసరిలో వేసేది ఇదే. ఇంట్లో ఎలాగూ ఉంటుంది కాబట్టి చాలామంది ఇదే వాడేద్దామనుకుంటారు. నేరుగా పంచదారలో వేస్తే మచ్చలు మచ్చలుగా ఉంటుంది, సరిగ్గా అంటదు, చల్లినప్పుడు దుమ్ములా లేచి తెల్ల క్రీము మీద చుక్కలు పడతాయి. నాలుగు చుక్కల నీళ్లలో కరిగించి వేస్తే పనిచేస్తుంది, అంటే లిక్విడ్ మనమే చేసుకున్నట్టు. అయితే నీళ్ల కొలత మన చేతిలో ఉంటుంది కాబట్టి చిక్కగా చేసుకోవచ్చు, అదొక్కటీ దీని లాభం. మరో సంగతి: కొన్ని పొడి రంగుల్లో బరువు కోసం ఉప్పు కలుపుతారు, డబ్బా మీద పదార్థాల్లో రాసే ఉంటుంది. కేసరిలో అది తెలీదు. పంచదార పైపైన తినేటప్పుడు ఎక్కువ రంగు వేస్తే నాలుకకి చేదూ ఉప్పూ తగులుతుంది. చాక్లెట్లోకి అమ్మే నూనె రంగులు మాత్రం ఈ పనికి కొనకండి, పంచదార జిడ్డుగా అయిపోతుంది.

డబ్బా మీద ఏం చదవాలి

ఇక్కడ కాస్త టెన్షన్ పడ్డా తప్పులేదు. మన దేశంలో ఆహారంలో వాడటానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిది. ఎరుపుకి పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, పసుపుకి టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, నీలానికి ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఆకుపచ్చకి ఫాస్ట్ గ్రీన్. మనకి కొట్లో దొరికే ఇన్ని రకాల షేడ్లూ వీటి కలయికలే. చాలా పదార్థాల్లో కిలోకి 100 మిల్లీగ్రాముల రంగు దాటకూడదని లెక్క. మన వంద గ్రాముల పంచదారకి ఆ లెక్కన అసలు రంగు 10 మిల్లీగ్రాములు, అది గోటి మీద కూడా సరిగ్గా కనబడనంత. అందుకే టూత్‌పిక్ కొలతే మంచిదంటున్నాను.

యూరప్‌లో 2010 నుంచి ఆరు రంగులు వాడిన తినుబండారాల మీద, పిల్లల చురుకుదనం మీద, శ్రద్ధ మీద ప్రభావం ఉండొచ్చని హెచ్చరిక రాయాలి. మన ఎనిమిదిలో నాలుగు ఆ జాబితాలో ఉన్నాయి: టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పోన్సో 4ఆర్. ఇక ఎరిత్రోసిన్‌కి అమెరికా 2025 జనవరిలో అనుమతి వెనక్కి తీసుకుంది. వీటిని చూసి పుట్టినరోజుకి బిస్కెట్ మీద చిటికెడు రంగు పంచదార మానేయాలని నేను అనను. రోజూ టిఫిన్ డబ్బాలో పెట్టే వాటికైతే పెట్టనంటాను.

అసలు భయపడాల్సింది పేరులేని పొట్లాలకి. ఒకసారి మా ఊళ్లో ఒక కొట్లో "గులాబీ రంగు" అడిగితే విడి పొట్లం కట్టి ఇచ్చారు. పేరు లేదు, నంబరు లేదు. ఇంటికొచ్చి నీళ్లలో ఆవగింజంత వేస్తే గ్లాసంతా మెరిసే గులాబీ. కడిగిన చేతికి రెండు రోజులు పోలేదు. అదేంటో తేల్చుకునే దారి నాకు లేదు కాబట్టి పారేశాను. పీచు మిఠాయిలో బట్టల రంగు రోడమిన్-బి బయటపడి 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ఆ మిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి, తర్వాతి నెలలో కర్ణాటక కూడా చర్య తీసుకుంది. కాబట్టి సీలున్న డబ్బా, దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, రంగు పేరు, గడువు తేదీ. వీటిలో ఏది లేకపోయినా వదిలేయండి.

వంటింటి రంగులు: ఏది నిలుస్తుంది, ఏది మోసం చేస్తుంది

నాకు ఎక్కువ ఆనందం ఇచ్చింది ఈ దారే, ఎక్కువ పంచదార పాడైంది కూడా ఈ దారిలోనే.

పసుపు అన్నిటికంటే తేలిక. అరకప్పు పంచదారకి పావు టీస్పూను కంటే తక్కువ పసుపు, రెండు చుక్కల నీళ్లు, కవర్లో నలపడం. బంగారు రంగు వస్తుంది. ఎక్కువైతే పచ్చి వాసన, కాబట్టి కాస్త యాలకుల పొడి కలిపితే సరి. దీనికి రెండు బలహీనతలు. ఒకటి, ఎండ తగిలితే వెలిసిపోతుంది. రెండోది మనందరికీ తెలిసిందే కానీ తట్టదు. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి కదా, దిష్టి తీసేటప్పుడు చూస్తాం. వంటసోడా కూడా సున్నంలాగే క్షారం. సోడా ఎక్కువ పడిన బిస్కెట్ల మీద పసుపు పంచదార వేసి కాలిస్తే అక్కడక్కడా ఎర్రబారిన మచ్చలు వస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఓవెన్ పాడైందనుకున్నాను.

బీట్‌రూట్ అందరికీ ముందు గుర్తొచ్చేది. తురిమి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని సన్నటి మంట మీద స్పూనుడు అయ్యేదాకా ఇగర్చాలి. రెండు చుక్కల నిమ్మరసం వేస్తే రంగు కాస్త నిలుస్తుంది, ఎందుకంటే బీట్‌రూట్ రంగుకి కొద్దిగా పులుపు సాయం. వేడి మాత్రం పడదు. పెద్ద మంట పెడితే ఇటుక రంగులోకి దిగిపోతుంది. ఇక్కడే కాల్చే బిస్కెట్ల మెలిక: బీట్‌రూట్ పంచదార చల్లి ఓవెన్లో పెడితే గులాబీ పోయి గోధుమ రంగు మిగులుతుంది. కాబట్టి చల్లారిన బిస్కెట్ల మీదే, కాస్త తేనె రాసి వేయాలి. మట్టి వాసన వస్తుందని కొందరంటారు. ఆరిన పంచదారలో నాకైతే తెలియలేదు, మా ఆయనకి తెలిసింది.

శంఖుపువ్వు దొరికితే వదలకండి. మా పెరట్లో తీగ ఉంది కాబట్టి నాకు ఉచితం. ఎండబెట్టిన పది పన్నెండు పూలని రెండు స్పూన్ల వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పిండితే సిరా లాంటి నీలం. అందులో కాస్త వందగ్రాముల పంచదారకి పడితే ఆకాశం రంగు. సహజంగా ఇంత మంచి నీలం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఈ రంగుకి పులుపు తగిలితే ఊదా, ఇంకా పులుపైతే గులాబీ వైపు తిరుగుతుంది. ఇదొక వినోదం: నిమ్మరసం గ్లాసు అంచుకి ఈ నీలం పంచదార అద్దితే, తాగేకొద్దీ అంచు ఊదాగా మారుతుంది. పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తారు. ఎర్ర మందారం రేకులది కూడా ఇదే జాతి రంగు. వేడినీళ్లలో వేస్తే ఊదాగా ఉండి, నిమ్మరసం పడగానే ఎర్రబడుతుంది.

ఆకుపచ్చ కోసం పాలకూర జోలికి వెళ్లకండి. వేడి తగిలిందా, ఉడికిన కూర రంగు. అంతకంటే శంఖుపువ్వు నీలానికి చిటికెడు పసుపు కలపండి, చిలకపచ్చ కాకపోయినా లేత మామిడాకు రంగు వస్తుంది. క్యారట్ మరీ మోసం. రసం చూడ్డానికి ఎర్రగా ఉంటుంది, పంచదారకి పట్టిస్తే వెలిసిన నారింజ మిగులుతుంది. దాని రంగు నూనెలో కరిగేది, నీళ్లలో కాదు. కుంకుమపువ్వు రంగు నీళ్లలో బాగా దిగుతుంది, వాసన కూడా హాయిగా ఉంటుంది. ధర సంగతి నేను చెప్పక్కర్లేదు. పది రేకలు స్పూను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి వాడండి, పాలలో మాత్రం వద్దు. పాలు పట్టిన పంచదార నిలవ ఉండదు.

ఏ వంటింటి రంగైనా ముదురు షేడ్ ఇవ్వదు. ఎర్రటి క్రిస్మస్ బిస్కెట్లు కావాలని బీట్‌రూట్ పిండుతూ కూర్చుంటే సాయంత్రానికి చేతులు ఎర్రబడతాయి కానీ పంచదార గులాబీ రంగు దాటదు. లేతరంగులు నచ్చేవాళ్లకి, చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం ఇవే పెట్టమంటాను.

ఆరబెట్టడం

రంగు ఏదైనా అసలు పరీక్ష ఇక్కడే. జెల్‌తో చేసింది పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాన్ కింద గంట ఉంచితే చాలు. లిక్విడ్‌కి రెండు మూడు గంటలు. పూల నీళ్లు, బీట్‌రూట్ రసం పట్టినదానికి ఒక పూట. మధ్యలో రెండుసార్లు వేళ్లతో కలిపి ఉండలు నలపాలి. ఒకసారి గట్టిపడ్డాక నలిపితే పలుకు విరిగి పొడవుతుంది, మెరుపు పోతుంది.

ఎండలో పెట్టడం మన అలవాటు. వడియాలకి బావుంటుంది. పసుపు, బీట్‌రూట్ రంగులకి ఎండ శత్రువు. మధ్యాహ్నం మేడ మీద పెట్టి సాయంత్రం తెచ్చుకుంటే సగం రంగు సూర్యుడికి నైవేద్యం అయిపోయి ఉంటుంది. చీమల సంగతి వేరే చెప్పాలా.

వానాకాలంలో మా కాకినాడ గాలితో ఇంకో తంటా. గాలిలో తేమ 85 శాతం దాటితే పంచదార ఆరకపోగా గాలిలోంచి తడి లాక్కుంటుంది. ఆగస్టులో ఒకసారి రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టి పొద్దున చూస్తే ముందుకంటే తడిగా ఉంది! ఏసీ ఉన్న గదిలో పెట్టండి, ఏసీ గాలిలో తడి లాగేస్తుంది కాబట్టి గంటన్నరలో పలుకులు విడివిడిగా గలగలలాడతాయి. ఏసీ లేకపోతే ఓవెన్‌ని ఉన్నదాంట్లో తక్కువ వేడిలో, వంద డిగ్రీలు దాటకుండా, పది నిమిషాలు వేడిచేసి ఆపేసి, తలుపు కాస్త తెరిచి పళ్లెం లోపల పెట్టండి. బీట్‌రూట్ దానికి అదీ వద్దు. మూకుట్లో వేయించి ఆరబెట్టాలని మాత్రం చూడకండి, అడుగున కరిగి పాకమవుతుంది. డల్లాస్ చెల్లి చలికాలంలో హీటర్ వేసుకున్న ఇంట్లో అరగంటలో ఆరిపోయిందని ఫోటో పెట్టింది. కుళ్లుకున్నాను.

మరి కొనుక్కుంటే పోదా?

ఒక కేకు మీదకి ఒక రంగే కావాలంటే, అదీ రేపటికే కావాలంటే, కొనేయండి. కొట్లో దొరికే స్ప్రింకిల్స్‌లో చాలావాటికి పైన మెరుపు పూత ఉంటుంది కాబట్టి క్రీము మీద మన పంచదార కంటే ఎక్కువసేపు ఆగుతాయి. పొద్దున చల్లి సాయంత్రం కోసే కేకుకి నేనూ అవే వాడతాను, అందులో సిగ్గేమీ లేదు. కానీ ఐదారు రంగులు కావాలన్నా, చీర అంచు రంగుకి సరిపోయే షేడ్ కావాలన్నా (సీమంతానికి అడిగారు, నిజం), పిల్లలతో కూర్చుని చేయాలన్నా ఇంట్లోదే. పిల్లలకి కవర్ నలిపే పని ఇస్తే అరగంట ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. జిప్ సరిగ్గా పడిందో లేదో మాత్రం రెండుసార్లు చూడండి.

నన్నడిగితే ఇలా ఎంచుకోండి. ఓవెన్లో కాల్చే బిస్కెట్లకి జెల్, మధ్యరకం పలుకు. చల్లారిన మిఠాయిల మీదకి, ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే, పసుపు, శంఖుపువ్వు, బీట్‌రూట్. గ్లాసు అంచుకి శంఖుపువ్వుది, పలుకు కాస్త సన్నగా ఉంటే బాగా అంటుతుంది. కప్‌కేకు మీద నాలుగు మెరుపుల కోసం పటికబెల్లం. లిక్విడ్ ఇంట్లో ఉంటే లేత రంగులకి వాడి అవగొట్టండి, కొత్తది కొనకండి.

నిలవ సంగతి: జెల్, లిక్విడ్‌లతో చేసింది బాగా ఆరితే గాజుసీసాలో, వెలుతురు తగలని చోట నెలలు ఉంటుంది. వంటింటి రంగులది నేను పదిహేను రోజులకి మించి ఉంచను, వాసన కంటే ముందు రంగే పోతుంది. సీసాలో నాలుగు బియ్యపు గింజలు చిన్న గుడ్డలో కట్టి వేస్తే ఉండలు తక్కువ కడతాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, తీసిన ప్రతిసారీ చెమట పడుతుంది.

అడుగున మిగిలిన రంగులన్నీ కలిపేస్తే ఏమవుతుందా అని పారేయకుండా ఉంచాను ఒకసారి. దోరగా వేయించిన సోంపులో కలిపి, రెండు పలుకుల పచ్చకర్పూరం నలిపి వేసి, భోజనాలయ్యాక చిన్న గిన్నెలో పెట్టాను. ఏడ్చిన కేకు గురించి ఇప్పటికీ ఆటపట్టించే మా అన్నయ్య మూడుసార్లు చెయ్యి చాపాడు.